సంతకం ఎవరిదో తప్పు వారిదే

అధికారం చేతికి వచ్చినంత సులభంగా నమ్మకం చేతికి రాదు. ఈ మాట నేను పది పుస్తకాలలో చదివాను, వందమందికి చెప్పాను. ‘ఆముక్తమాల్యద’ నాలుగవ ఆశ్వాసంలో యామునాచార్యుడు కుమారుడికి చెప్పిన రాజనీతిని ఏటా తరగతిలో బోధిస్తూనే ఉన్నాను. అయినా కంఠానికి వచ్చినది మనసుకు పట్టడానికి నాకు నలభై ఏళ్ళు దాటాయి.

మా ఇల్లు దిల్‌సుఖ్‌నగర్‌లో. కళాశాల అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర, విజయవాడ రోడ్డు మీద. ఎల్.బి.నగర్, హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట మీదుగా బస్సులో పోయి రావడంలోనే నా ఆయుర్దాయంలో కొంత భాగం ఖర్చవుతున్నది. మూడేళ్ళ కిందట నన్ను తెలుగు శాఖకు అధిపతిని చేశారు. జీతంలో చెప్పుకోదగిన తేడా లేదు గాని, కుర్చీకి చేతులు వచ్చాయి. తలుపు మీద పేరు పడింది. నాతో కలిసి శాఖలో ఐదుగురం.

ఆ ఏడాదే ఒక పరీక్షలో, పాఠ్యప్రణాళికలోంచి తీసివేసిన పాఠం మీద ప్రశ్న వచ్చింది. పిల్లలు గోల చేశారు. ఆ ప్రశ్నపత్రం తయారుచేసినవాడు ఏటేటా ఒప్పందం మీద పనిచేసే కుర్ర అధ్యాపకుడు. ప్రిన్సిపాలు గారు మా ఇద్దరినీ పిలిపించి “ఏమిటండీ ఇది?” అన్నారు.

“కొత్తవాడండీ. జాగ్రత్తగా ఉండమని నేను చెబుతూనే ఉన్నాను” అన్నాను.

కుర్రవాడు తల వంచుకుని నిలబడ్డాడు. నేను చెప్పినది సగం నిజం. మిగతా సగం ఏమంటే, ఆ పత్రం అడుగున సంతకం నాది. ఐదు గంటల బస్సు దాటిపోతుందని చదవకుండా పెట్టాను.

ఆనాటి నుంచి శాఖలో నాకు మర్యాద పెరిగింది! నేను గదిలోకి రాగానే అందరూ లేచి నిలబడేవారు. అంతవరకు సాగుతున్న కబుర్లు ఆగిపోయేవి. కాగితాలు వేళకు వచ్చేవి, సంగతులు మాత్రం వచ్చేవి కావు. హాజరు పట్టీలో పొరపాటు జరిగినా, ఒక పిల్లవాడు చదువు మానేసినా, అందరికీ తెలిసిన వారం రోజులకు నాకు తెలిసేది.

మా అటెండరు పెద్దాయన ఒకనాడు ఖాళీ టీ గ్లాసు తీసుకుంటూ, “అందరు మీకు భయపడుతుండ్రు సార్” అన్నాడు. నేను లోలోపల సంతోషించబోయాను. “భయపడెటోళ్ళు ఉన్నది ఉన్నట్టు చెప్పరు గద సార్” అని తన దారిన వెళ్ళిపోయాడు.

అంతలో అక్టోబరు 15 దగ్గర పడింది. అబ్దుల్ కలామ్ గారి పుట్టినరోజు. బడిలో ఉపన్యాసం ఇవ్వాలని మా అమ్మాయి నాలుగు పేజీలు రాసి, తప్పులు దిద్దమని నా ముందు పెట్టింది. గుణింతాలు దిద్దుతూ పోతున్నవాణ్ణి రెండవ పేజీలో ఆగిపోయాను.

శ్రీహరికోటలో ఆనాడు

1979 ఆగస్టు 10. పులికాట్ సరస్సు పక్కన ఉన్న మన శ్రీహరికోట. 17 టన్నుల ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు తొలిసారి పైకి లేచింది. మొదటి దశ చక్కగా పనిచేసింది. రెండవ దశ అదుపు తప్పింది. కొద్ది నిమిషాలలోనే, ఏళ్ళ తరబడి పడిన శ్రమ బంగాళాఖాతం పాలయింది. ఆ పథకానికి నాయకుడు కలామ్. అంతరిక్ష సంస్థ అధ్యక్షుడు సతీశ్ ధావన్.

పత్రికలవారు కాచుకుని ఉన్నారు. కలామ్ గారు తరువాత ఎన్నో సభల్లో చెప్పిన ప్రకారం, వారికి ఎదురు నిలిచి జవాబు చెప్పినవారు ధావన్ గారే. విఫలమయ్యామని ఒప్పుకున్నారు, తన శాస్త్రజ్ఞుల మీద తనకు నమ్మకం ఉన్నదన్నారు. 1980 జులై 18న అదే రకం రాకెట్టు 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆనాడు పత్రికలవారి ముందుకు కలామ్ గారిని పంపారు.

ఇంతవరకు చాలామందికి తెలిసినదే. నన్ను పట్టి ఆపినది వేరొక సంగతి. ఓటమి తరువాత జరిగిన సమీక్షలో, కవాటంలో మలినం అడ్డుపడి అది మూసుకోకపోవడంవల్ల, రెండవ దశను అదుపు చేసే వ్యవస్థకు కావలసిన నత్రికామ్లం కారిపోయిందని తేలింది. అప్పుడు కలామ్ తనంతట తాను లేచి, ఆ కారడాన్ని ముందే గమనించి కూడా స్వల్పమని భావించానని, ప్రయోగాన్ని ఆపవలసినది తానేనని ఒప్పుకున్నారు. తన ఆత్మకథలో ఆయనే రాసుకున్నారు.

చూశారా? పైవాడు బయట నిందను మోశాడు. కిందివాడు లోపల నిజం చెప్పాడు. నాయకుడు నింద మోయడం ఔదార్యం మాత్రమే కాదు, నిజం బయటపడే దారి కూడా అదే. తప్పించుకునేవాడి దగ్గర అందరూ తప్పించుకోవడమే నేర్చుకుంటారు.

“మరి కలామ్ గారి పొరపాటుకు ధావన్ గారెందుకు జవాబు చెప్పాలి నాన్నా?” అని అడిగింది అమ్మాయి.

“పెద్ద కుర్చీ ఆయనది కాబట్టి” అన్నాను. ఆ మాట పైకి అన్న తరువాత నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు తెలిసిన సంగతి నన్ను మరింత కుంగదీసింది. కుర్రవాడి ఒప్పందం పొడిగించే కాగితం, ఆ ప్రశ్నపత్రం కారణంగానే ప్రిన్సిపాలు గారి బల్ల మీద ఆగిపోయిందట. ఇంట్లో తల్లి, చదువుకునే చెల్లెలు. నా ఒక్క వాక్యం వారి పొయ్యి దాకా పోయింది.

చదవకుండా సంతకం పెట్టినవాణ్ణి నేనేనని కాగితం మీద రాసి ఇచ్చాను. నలుగురి ముందూ కుర్రవాడికి క్షమాపణ చెప్పాను. అతని ఒప్పందం పొడిగించారు. నాకు ఒక మెమో వచ్చింది. ఇప్పటికీ నా సొరుగులో ఉన్నది. చదువుకున్నప్పుడల్లా ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాను.

అంతటితో నమ్మకం తిరిగి వచ్చిందనుకుంటే పొరపాటు. మూడు నెలలు ఎవరూ ఏమీ అనలేదు. ఆ తరువాత ఒక సాయంత్రం అతనే తలుపు దగ్గర నిలబడి, “సార్, ఒక సెక్షనులో మార్కుల మొత్తం తప్పు వేశాను. రేపు పంపేలోగా దిద్దుతాను” అన్నాడు. కోపం రావలసిన చోట నాకు ప్రాణం లేచి వచ్చింది. తలుపు వేసి, గట్టిగానే రెండు మాటలు అన్నాను. తప్పు మోయడం వేరు, తప్పును ముద్దుచేయడం వేరు. తరువాత ఇద్దరం కూర్చుని దిద్దాం.

ఏ కార్యాలయంలోనైనా, ఆ మాటకొస్తే ఏ ఇంట్లోనైనా, పెద్దల మీద నమ్మకం ఉన్నదో లేదో తెలుసుకోవడానికి నాకు కనిపించిన గుర్తు ఒక్కటే. చెడు వార్త మనకు ఎవరి నోట, ఎంత ముందుగా వస్తున్నది? చేసినవాడే వచ్చి చెబుతున్నాడా, ఊరంతా చెప్పుకున్నాక మనకు తెలుస్తున్నదా?

ఇప్పుడు నేను చదవకుండా సంతకం పెట్టడం లేదు. ఐదు గంటల బస్సు తరచు దాటిపోతున్నది. ఆరింటి బస్సులో కుర్రవాడు కూడా హయత్‌నగర్ దాకా వస్తాడు. శాఖలో సంగతులన్నీ నాకు ఆ బస్సులోనే తెలుస్తున్నాయి.