కకుద్మి ప్రయాణం, కాలయంత్రం: కాలయానంపై ఒక పరిశీలన

1991లో సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో వచ్చిన 'ఆదిత్య 369' చిత్రంతో కాలయంత్రం అనే భావన తెలుగు ప్రేక్షకులలో సామాన్య పాఠకుని వరకూ చేరింది. అందులో వర్తమాన యువకుడు 1526 నాటి విజయనగరానికి వెళ్లి శ్రీకృష్ణదేవరాయల ఆస్థానాన్ని చూస్తాడు. ఆ తరువాత 2504వ సంవత్సరానికీ వెళతాడు. ఈ కల్పనకు మూలం హెచ్.జి.వెల్స్ 1895లో ప్రచురించిన 'ది టైమ్ మెషీన్' నవల. నాటి నుండి విద్యార్థులు ఉపాధ్యాయులను తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది: కాలంలో ప్రయాణించడం సాధ్యమేనా? ఈ ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలు ఇమిడి ఉన్నాయి. భవిష్యత్తులోకి వెళ్లడం ఒకటి, గతంలోకి వెళ్లడం మరొకటి. భౌతికశాస్త్రం ఈ రెండింటికీ వేర్వేరు సమాధానాలు ఇస్తుంది. ఆ భేదాన్ని గుర్తించకపోవడం వల్లనే మన పురాణకథలను గురించి కూడా కొన్ని తొందరపాటు నిర్ణయాలు వ్యాప్తిలోకి వచ్చాయి.

పురాణంలోని లెక్క

భాగవతం నవమ స్కంధంలో రైవతుడైన కకుద్మి కథ ఉంది. కుశస్థలిని ఏలే ఈ రాజు తన కుమార్తె రేవతికి తగిన వరుని తెలుపుమని అడిగేందుకు ఆమెను వెంటబెట్టుకొని బ్రహ్మలోకానికి వెళ్లాడు. అక్కడ గంధర్వగానం సాగుతుండడంతో కొద్దిసేపు వేచి ఉన్నాడు. గానం ముగిశాక తన మనసులోని వరుల పేర్లు విన్నవించగా బ్రహ్మ నవ్వి, భూలోకంలో ఇరవైయేడు చతుర్యుగాలు గడిచాయనీ, వారి వంశాల పేర్లు కూడా ఇప్పుడు వినబడవనీ చెప్పాడు. రేవతిని బలరామునికి ఇమ్మని సూచించాడు.

ఈ కథలోని అంకెలను పురాణగణితంతోనే సరిచూడవచ్చు. చతుర్యుగం 43,20,000 సంవత్సరాలు. బ్రహ్మకు ఒక పగలు వెయ్యి చతుర్యుగాలు. ఆ పగటిని పన్నెండు గంటలుగా భావిస్తే బ్రహ్మలోకంలో ఒక్క సెకను భూలోకంలో లక్ష సంవత్సరాలకు సమానమవుతుంది. ఇరవైయేడు చతుర్యుగాలు, అంటే 11,66,40,000 సంవత్సరాలు, అక్కడ సుమారు పందొమ్మిదిన్నర నిమిషాలు మాత్రమే. ఒక పాట వినడానికి వేచి ఉండే వ్యవధి అది! కథ చెప్పినవారు ఏదో ఒక పెద్ద సంఖ్యను యథాలాపంగా వాడలేదని, ఆ కాలమానాన్ని లోపల పొసగేటట్లే వాడారని దీనివల్ల భావించవచ్చు.

అయితే ఇది సాపేక్షతా సిద్ధాంతమేనా? మన పూర్వులకు ఐన్‌స్టీన్ కంటే ముందే ఈ సంగతి తెలుసునన్న మాట సభలలో తరచుగా వినిపిస్తుంది. దానిని నిర్ణయించాలంటే ముందు సిద్ధాంతం ఏమి చెప్పిందో చూడాలి.

గడియారాల సాక్ష్యం

ఐన్‌స్టీన్ 1905లో ప్రతిపాదించిన విశిష్ట సాపేక్షతా సిద్ధాంతం ప్రకారం, మన దృష్టిలో వేగంగా కదిలే గడియారం నెమ్మదిగా నడుస్తుంది. 1915 నాటి సాధారణ సాపేక్షతా సిద్ధాంతం ప్రకారం గురుత్వాకర్షణ అధికంగా ఉన్నచోట కూడా గడియారం నెమ్మదిస్తుంది. ఇవి ఊహలుగా మిగిలిపోలేదు. 1971 అక్టోబరులో హాఫెలె, కీటింగ్ అనే శాస్త్రవేత్తలు నాలుగు సీసియం పరమాణు గడియారాలను ప్రయాణికుల విమానాలలో భూమి చుట్టూ తిప్పి, నేలమీది గడియారాలతో పోల్చారు. తూర్పు దిశగా తిరిగినవి సుమారు 59 నానోసెకన్లు వెనుకబడ్డాయి. పడమర దిశగా తిరిగినవి 273 నానోసెకన్లు ముందుకు వెళ్లాయి. సిద్ధాంతం ముందుగా చెప్పిన విలువలతో ఇవి పరిశీలనాదోషం పరిధిలో సరిపోయాయి.

నేడు మన చేతిలోని ఫోను దారి చూపడం కూడా ఈ సవరణ మీదనే ఆధారపడి ఉంది. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలలోని గడియారాలు వేగం వల్ల రోజుకు 7 మైక్రోసెకన్లు వెనుకబడతాయి, గురుత్వం తక్కువగా ఉండడం వల్ల 45 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. మిగిలే 38 మైక్రోసెకన్లలో కాంతి 11 కిలోమీటర్లకు పైగా ప్రయాణిస్తుంది. కనుక ఆ తేడాను ముందే లెక్కగట్టి గడియారాలను సరిచేస్తారు.

అంటే భవిష్యత్తులోకి ప్రయాణం సాధ్యమే. స్వల్పంగానైనా అది జరుగుతూనే ఉంది. ఇక కకుద్మి పొందిన కాలభేదాన్ని వేగంతో సాధించాలంటే ఏమి కావాలి? సెకనుకు లక్ష సంవత్సరాలంటే కాలం మూడు లక్షల కోట్ల రెట్లు సాగాలి. జెనీవా సమీపంలోని లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌లో ప్రోటాన్లకు లభించేది సుమారు ఏడు వేల రెట్లు. 'ఆదిత్య 369' విడుదలైన 1991లోనే, అక్టోబరు నెలలో, అమెరికాలోని యూటాలో ఒక విశ్వకిరణ కణాన్ని అసాధారణ శక్తితో గుర్తించారు. అది ప్రోటానే అయి ఉంటే దానికి కూడా కకుద్మికి కావలసిన దానిలో పదో వంతు మాత్రమే లభించింది. ఒక్క కిలోగ్రాము ద్రవ్యరాశిని ఆ స్థితికి తీసుకురావడానికి, నేటి ప్రపంచం మొత్తం ఏడాదికి వాడే శక్తిని నలభై కోట్ల సంవత్సరాలకు పైగా కూడబెట్టాలి.

ఇక్కడ పురాణానికీ భౌతికశాస్త్రానికీ ఉన్న భేదం స్పష్టమవుతుంది. కకుద్మి కథలో వేగం ప్రసక్తి లేదు, గురుత్వం ప్రసక్తి లేదు. కాలభేదానికి అక్కడి కారణం లోకభేదం. ఒక్కొక్క లోకానికి ఒక్కొక్క కాలమానం ఉంటుందనే భావన అది. దాని నుండి గడియారం ఎంత వెనుకబడుతుందో లెక్కగట్టి ప్రయోగంతో సరిచూసే మార్గం లేదు. కాబట్టి దానిని సాపేక్షతా సిద్ధాంతమనడం సరికాదు. అలాగని దానిని కేవలం పుక్కిటి పురాణమని తోసివేయడమూ న్యాయం కాదు. కాలం అందరికీ ఒకే రీతిగా నడవనక్కరలేదన్న ఊహను అంత సుసంబద్ధంగా కథగా నిలిపిన కవుల ప్రతిభ దానికదే గొప్పది. న్యూటన్ కాలం అంతటా సమానమన్న నమ్మకంతో శాస్త్రం రెండు శతాబ్దాలకు పైగా నడిచిందని గుర్తుంచుకుంటే ఆ ఊహ విలువ తెలుస్తుంది.

వెనుకకు దారి

గతంలోకి ప్రయాణం సంగతి వేరు. 1949లో కర్ట్ గోడెల్ సాధారణ సాపేక్షతా సమీకరణాలకు ఒక సాధన చూపాడు. విశ్వమంతా పరిభ్రమిస్తూ ఉంటే గతానికి తిరిగివచ్చే మార్గాలు ఉంటాయని దాని సారాంశం. కాని మన విశ్వం అలా పరిభ్రమిస్తున్న జాడలు లేవు. 1988లో కిప్ థోర్న్, ఆయన సహచరులు చర్చించిన అంతరిక్ష బిలాల మార్గానికి రుణాత్మక శక్తి గల పదార్థం కావాలి. ప్రకృతి నియమాలే ఇటువంటి ప్రయాణాన్ని అడ్డుకుంటాయని 1992లో స్టీఫెన్ హాకింగ్ ప్రతిపాదించాడు. ఆయన 2009 జూన్ 28న కాలయాత్రికులకు విందు ఏర్పాటుచేసి, ఆహ్వానాన్ని విందు ముగిసిన తరువాతనే ప్రకటించాడు. ఎవరూ రాలేదు.

తార్కికమైన చిక్కును 'ఆదిత్య 369' సన్నివేశంతోనే వివరించవచ్చు. 1526లో రాయలను కలిసిన యువకుడు, 1565లో జరగబోయే తళ్లికోట యుద్ధాన్ని గురించి హెచ్చరించాడనుకుందాం. రాజ్యం జాగ్రత్తపడి ఆ పరాజయాన్ని తప్పించుకుంటే హంపీ శిథిలం కాదు. అప్పుడు ఆ యువకుడు పాఠ్యపుస్తకంలో ఆ పరాజయాన్ని చదివి ఉండడు. చదవనివాడు దేనిని గురించి హెచ్చరించాడు?

కకుద్మి కథకు ఈ చిక్కు లేదు. ఆయన ప్రయాణం ముందుకే తప్ప వెనుకకు లేదు. బ్రహ్మ కూడా ఆయనను తన కాలానికి తిరిగి పంపలేదు. తిరిగివచ్చిన రేవతి ఆ యుగపు మనుషులకంటే చాలా పొడవుగా ఉండగా బలరాముడు నాగలితో ఆమె ఎత్తు తగ్గించాడని విష్ణుపురాణం చెబుతుంది. ఇరవయ్యో శతాబ్దంలో సెర్గేయ్ క్రికల్యోవ్ అనే వ్యోమగామి 1991 మే నెలలో సోవియట్ యూనియన్ నుండి బయలుదేరి, 1992 మార్చిలో భూమికి దిగేసరికి ఆ దేశమే లేదు. పలు యాత్రలలో మొత్తం 803 రోజులు అంతరిక్షంలో గడిపిన ఆయన, మనందరికంటే సెకనులో యాభయ్యో వంతు భవిష్యత్తులోకి వెళ్లాడు.