ఆయనకు 20 ఏళ్ళు... ఆమెకు ఒక్క గంట!

పరాయి ఆడదాని మోజులో పడి కాదు. అప్పుల వాళ్ళకు భయపడీ కాదు. భార్యతో గొడవపడి అంతకంటే కాదు. ఊరికే! ఒక సాయంత్రం "ఊరెళ్ళి నాలుగు రోజుల్లో వచ్చేస్తా" అని భార్యకు చెప్పి బయల్దేరిన ఓ పెద్దమనిషి, పక్క వీధిలోనే గది అద్దెకు తీసుకుని 20 ఏళ్ళపాటు ఉండిపోయాడు. అమెరికన్ రచయిత నథానియల్ హాథార్న్ కథ 'వేక్‌ఫీల్డ్' ఇది. 1835లో అచ్చయింది. కథ జరిగేది మాత్రం లండన్‌లో.

తను లేకపోతే ఇల్లు ఏమవుతుందో చూడాలని ఆయన కుతూహలం. విగ్గు పెట్టుకుని వేషం మార్చుకుంటాడు. భార్య చిక్కి శల్యమవుతుంది. డాక్టరు ఇంటికి వచ్చిపోవడం కళ్ళారా చూస్తాడు. ఇలాంటప్పుడు వెళ్ళి ఆమెను కలవరపెట్టకూడదని తనకు తనే సర్దిచెప్పుకుంటాడు! ఆమె ఎలాగో కోలుకుంటుంది. భర్త పోయాడనుకుని వితంతువుగా బతుకుతుంది. పదేళ్ళ తర్వాత జనంలో ఇద్దరూ ఒకరినొకరు రాసుకుంటూ నడిచినా ఆమె పోల్చుకోలేదు. 20 ఏళ్ళు గడిచాక ఒక వాన సాయంత్రం, సొంతింటి కిటికీలో చలిమంట వెలుగు చూసి, బయట తడవడం దేనికనుకుని మెట్లెక్కి లోపలికి పోతాడు. కథ అయిపోయింది.

మరి ఆవిడ సంగతి? ఆ 20 ఏళ్ళూ ఆవిడ ఏం వండుకుంది, ఏం తింది, చుట్టపక్కాలకు ఏమని చెప్పుకుంది? ఆయన మనసులోని మెలికలన్నీ విప్పి చూపించిన రచయిత, ఆవిడ పేరైనా మనకు చెప్పలేదు. కథలు రాసే అలవాటున్నదాన్ని కనుక నా చూపు ముందు అక్కడికే పోయింది.

ఇంట్లోంచి రాసిన కథలు

ఆ శతాబ్దం చివరి పదిహేనేళ్ళలో అమెరికా పత్రికల్లో ఆడవాళ్ళు రాసిన కథలు చదివితే ఆ లోటు కొంత తీరుతుంది. వాళ్ళు కథను వీధిలోంచి కాక ఇంట్లోంచి చెప్పారు. అప్పటి పరిస్థితి కూడా గుర్తుంచుకోవాలి. పెళ్ళయితే భార్య ఆస్తి మీద పెత్తనం భర్తదేనన్న పాత ఇంగ్లీషు న్యాయమే అక్కడి చాలా రాష్ట్రాల్లో నడిచింది. మిసిసిపీ 1839లో, న్యూయార్క్ 1848లో దాన్ని సడలిస్తూ చట్టాలు చేశాయి. మిగిలిన రాష్ట్రాలు నెమ్మదిగా కదిలాయి. అంటే భర్త తప్పుకుంటే అది వింత. భార్య తప్పుకోవాలంటే ఆమెకు నిలవడానికి నేల లేదు.

కేట్ షోపాన్ 1850లో సెయింట్ లూయిస్‌లో పుట్టింది. 20 ఏళ్ళకు పెళ్ళి, ఆరుగురు పిల్లలు. 1882లో భర్త అప్పులు మిగిల్చి పోయాడు. ఆ తర్వాతే ఆమె రచయిత్రి అయింది. 1894లో అచ్చయిన 'ఒక గంట కథ' చాలా చిన్నది. గుండెజబ్బు ఉన్న మిసెస్ మల్లార్డ్‌కు, రైలు ప్రమాదంలో భర్త పోయాడని నెమ్మదిగా చెప్తారు. ఆమె భోరుమని ఏడుస్తుంది. తర్వాత గదిలో ఒంటరిగా కూర్చుని కిటికీలోంచి చూస్తుంటే, ఇక మీదట తన రోజులు తనవేనన్న ఆలోచన వస్తుంది. ఒళ్ళు జలదరిస్తుంది. కిందికి దిగి వచ్చేసరికి వీధి తలుపు తీసుకుని భర్తే నిక్షేపంలా వస్తాడు. అసలు ఆయన ప్రమాదం జరిగిన చోట లేనే లేడు. ఆమె అక్కడికక్కడే ప్రాణం విడుస్తుంది. పట్టరాని సంతోషంతో గుండె ఆగిందని డాక్టర్లు తేలుస్తారు!

ఇందులో భర్త చెడ్డవాడు కాడు. ఎప్పుడూ ప్రేమగానే చూశాడని ఆమే ఒప్పుకుంటుంది. అయినా ఆమెకు దొరికింది ఒక్క గంట. వేక్‌ఫీల్డ్ గారికేమో 20 ఏళ్ళూ పోను, తిరిగొస్తే వెచ్చని ఇల్లు కూడా ఉంది.

మాట నిలబెట్టుకోవడం కోసం

నాకు అన్నిటికన్నా నచ్చిన కథ మేరీ విల్కిన్స్ ఫ్రీమన్ రాసిన 'న్యూ ఇంగ్లండ్ సన్యాసిని'. లూయిసాకు జో తో పెళ్ళి నిశ్చయమైంది. డబ్బు సంపాదించుకు రావడానికి అతను ఆస్ట్రేలియా వెళ్ళి 14 ఏళ్ళకు వచ్చాడు. ఈలోపు ఆమె తల్లీ, అన్నదమ్ముడూ పోయారు. ఒంటరి ఇంట్లో పంజరంలో పిట్ట, గొలుసు కట్టిన ముసలి కుక్క, కుట్టుపని. ఆ ప్రశాంతత ఆమెకు ప్రాణం. పెళ్ళయితే పెత్తనం చేసే అత్తగారింటికి పోవాలి. అటు జో మనసు, తన తల్లికి సాయంగా ఉంటున్న లిలీ మీదికి పోయింది. కానీ ఎవరూ నోరు విప్పరు. మాట ఇచ్చాం కదా!

పెళ్ళి ఇంకో వారం ఉందనగా వెన్నెట్లో షికారు వెళ్ళిన లూయిసా, జో, లిలీ మాట్లాడుకోవడం వింటుంది. లూయిసాకు అన్యాయం చెయ్యనని అతనంటాడు. చేస్తే నిన్ను చేసుకోనని లిలీ అంటుంది. మర్నాడు లూయిసా లిలీ పేరైనా ఎత్తకుండా, ఇన్నేళ్ళూ ఒకలా బతికాను, ఇప్పుడు మారలేనని చెప్పి జో ను మాట నుంచి విడిపిస్తుంది. ఏ రభసా లేదు. స్నేహంగానే విడిపోతారు.

ఈ కథ మా పక్కింటావిడకు చెప్తే, "పాపం, అతను వచ్చిన రోజే అడిగేసి ఉంటే ముగ్గురికీ ఈ యాతన తప్పేదిగా!" అంది. అక్కడే ఉంది కిటుకంతా. జో ఆమె కోసం త్యాగం చేస్తున్నాననుకున్నాడు. ఆమె అతని కోసం చేస్తున్నాననుకుంది. ఆ త్యాగం అవతలివాళ్ళకు కావాలో వద్దో మాత్రం ఎవరూ అడగలేదు.

ఫ్రీమన్ 1890లో రాసిన 'అమ్మ తిరుగుబాటు'లోనూ ఇంతే. ఇల్లు కట్టిస్తానని 40 ఏళ్ళ కిందట పెళ్ళినాడు మాటిచ్చిన రైతు, అదే స్థలంలో పశువులకు కొత్త కొట్టం కట్టిస్తాడు. భార్య శారా ఆయనకిష్టమైన వంటలు చేసిపెడుతూనే, ఆయన గుర్రం కొనడానికి ఊరెళ్ళిన సమయం చూసి, సామానంతా ఆ కొత్త కొట్టంలోకి చేరవేసి అక్కడే కాపురం పెడుతుంది! తిరిగొచ్చిన ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుని, గోడలూ కిటికీలూ పెట్టిస్తానంటాడు. నీకు ఇంత పట్టుదల ఉందని తెలియదంటాడు. 40 ఏళ్ళుగా ఆమె చెప్తూనే ఉంది మరి!

తుఫాను వెలిశాక

పరాయి సంబంధం గురించి షోపాన్ 1898లో రాసిన 'తుఫాను' వేరే రకం. భర్త బోబినో, నాలుగేళ్ళ కొడుకూ వానలో కొట్టు దగ్గర చిక్కుకుంటారు. ఇంట్లో ఒంటరిగా ఉన్న కలిక్స్టా దగ్గరికి, ఒకప్పుడు ఆమె మనసు పడ్డ ఆల్సే వాన తప్పించుకోవడానికి వస్తాడు. హద్దు దాటుతారు. వాన వెలుస్తుంది, అతను వెళ్ళిపోతాడు. భార్యకిష్టమని రొయ్యల డబ్బా కొనుక్కుని, బురద కాళ్ళు చూసి ఎక్కడ కేకలేస్తుందోనని భయపడుతూ బోబినో ఇల్లు చేరతాడు. ఆమె ముద్దులతో ఎదురొస్తుంది. ఎవరికీ శిక్ష పడదు. షోపాన్ దీన్ని ఏ పత్రికకూ ఇవ్వలేదు. 1904లో ఆమె పోయాక, 1969లో గానీ అచ్చు కాలేదు.

నిజం చెప్పాలంటే నాకు ఆ రొయ్యల డబ్బా దగ్గర మనసు చివుక్కుమంది. బోబినో చేసిన తప్పేమీ లేదు. ఆడది రాసిందని, ఆడదాని గురించి రాసిందని ఆ మోసాన్ని నేను వెనకేసుకు రాలేను. వేక్‌ఫీల్డ్ భార్యను ఎలా అడగలేదో, కలిక్స్టా బోబినోను అలాగే అడగలేదు. ఎదుటివాళ్ళకు తెలియకుండా వాళ్ళ బతుకు గురించి నిర్ణయం తీసేసుకోవడం మగవాడు చేసినా ఆడది చేసినా ఒకటే కదా!

బాధ్యత అంటే నోరు మూసుకుని మొయ్యడమేనని మనలో చాలామందికి పెద్దలు నేర్పారు. మొయ్యాల్సినవి మొయ్యక తప్పదు. కానీ ఎవరి కోసం మోస్తున్నామో వాళ్ళను ఒక్కసారి అడిగితే, కొన్ని బరువులు దించెయ్యొచ్చేమో. లూయిసా ఆ పని వారం ముందైనా చేసింది.

అన్నట్టు, మిసెస్ వేక్‌ఫీల్డ్‌ను అందరూ మర్చిపోలేదు. అర్జెంటీనా రచయిత ఎడువార్డో బెర్తీ 1999లో ఆమె వైపు నుంచి ఒక నవల రాశాడు. తీరిక దొరికితే ముందు హాథార్న్ కథ చదవండి. 20 ఏళ్ళ తర్వాత తడి బట్టలతో ఆయన మెట్లెక్కి వచ్చినప్పుడు, ఆవిడ స్థానంలో మీరుంటే మొదటి మాట ఏమంటారో ఆలోచించి చూడండి.