కొత్త గోల్ఫ్ జీటీఐనా, సెకండ్ హ్యాండ్ ఎం340ఐనా? మా తమ్ముడితో కూర్చుని వేసిన లెక్క

ఈ ఎపిసోడ్‌లో టెస్ట్ డ్రైవ్ లేదు, డ్రోన్ షాట్లు కూడా లేవు. ఒక పేపరు, ఒక పెన్ను, మా బాబాయ్ కొడుకు. అంతే.

విషయం ఏంటంటే, వాడు నాకంటే రెండేళ్ళు చిన్న. గచ్చిబౌలిలో జాబ్, ఉండేది నిజాంపేటలో. కంపెనీ ఇచ్చిన షేర్లు అమ్మితే చేతికి 25 లక్షలు వచ్చాయి. 2025 మేలో ఫోక్స్‌వాగన్ వాళ్ళు గోల్ఫ్ జీటీఐని ఇండియాలో లాంచ్ చేశారు కదా, అది బుక్ చేశాడు. మొదటి విడతలో తెచ్చిందే 150 కార్లు. అందులో ఒకటి వీడికి వచ్చింది, ఆ ఆనందంలో వారం రోజులు మనిషి నేల మీద లేడు. బాబాయ్ మాత్రం ఖమ్మం నుంచి రోజూ ఫోన్ చేసి "ఆ డబ్బుతో ఫ్లాట్‌కి డౌన్‌పేమెంట్ కట్టొచ్చు కదరా" అనేవాడు. ఆ వాదనలోకి నేను వెళ్ళను, ఎందుకంటే అందులో బాబాయే గెలుస్తాడు.

మిగతా డబ్బు కట్టడానికి ఇంకా మూడు వారాల టైమ్ ఉందనగా, రాత్రి పదకొండుకి ఫోన్ చేశాడు. "అన్నయ్యా, 2021 ఎం340ఐ ఒకటి ఉంది. 38 వేల కిలోమీటర్లు తిరిగింది. 49 లక్షలు అంటున్నారు. ఏం చేయమంటావు?"

సరే, ముందు ఈ రెండు కార్ల గురించి తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను.

జీటీఐ పూర్తిగా తయారై దిగుమతి అయ్యే కారు. 2 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్, 265 పీఎస్ పవర్, 370 ఎన్ఎం టార్క్, ముందు చక్రాలు నడిచే హ్యాచ్‌బ్యాక్. సున్నా నుంచి వందకి 5.9 సెకన్లు. లాంచ్ అప్పుడు ఎక్స్‌షోరూమ్ ధర దాదాపు 53 లక్షలు. ఎం340ఐ చెన్నైలో అసెంబుల్ అయ్యే సెడాన్. 3 లీటర్లు, ఆరు సిలిండర్లు ఒకే వరసలో, 387 హెచ్‌పీ, 500 ఎన్ఎం, నాలుగు చక్రాలకీ పవర్ వెళ్తుంది, వందకి 4.4 సెకన్లు. 2021 మార్చిలో వచ్చినప్పుడు 62.90 లక్షలు. ఇది ఎం3 లాంటి పూర్తి ఎం కారు కాదు, దాని కింది మెట్టు. కానీ ఆ ఇంజన్ ఉంది చూశారూ, బీ58 అంటారు, టొయోటా వాళ్ళు సుప్రాలో వేసుకున్నది కూడా అదే. మంచి ఇంజన్ అని నేను ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

కాగితం మీద చూస్తే ఆలోచించడానికి ఏముంది? ఎక్కువ కారు, తక్కువ డబ్బు. మా వాడూ అదే అన్నాడు. నేను "నా కారు సంగతి గుర్తుందా" అన్నాను. కాసేపు మాట్లాడలేదు.

నా కారు సంగతి మీకూ చెప్పాలి. ఇరవై ఆరేళ్ళప్పుడు, ఇంకా సాఫ్ట్‌వేర్‌లో ఉండగానే, ఒక సెకండ్ హ్యాండ్ పర్ఫార్మెన్స్ సెడాన్ కొన్నాను. కంపెనీ పేరు చెప్పను. కొత్తగా ఉన్నప్పుడు 30 లక్షల కారు, నాకు 11 లక్షలకి వచ్చింది. ఏడాది పాటు రాజాలా తిరిగాను. సరిగ్గా నేను ఈ వీడియోల కోసం పేపర్లు వేసిన నెలలో, నోటీస్ పీరియడ్‌లో ఉండగా, గేర్‌బాక్స్ పోయింది. బిల్లు 3 లక్షల 40 వేలు. మేనేజర్ దగ్గరికెళ్ళి రాజీనామా వెనక్కి తీసుకున్నాను. ఆ తర్వాత ఎనిమిది నెలలు పనిచేశాను. ఆ ఎనిమిది నెలల జీతంలో సగం ఆ గేర్‌బాక్స్‌కి, దానికి తీసుకున్న పర్సనల్ లోన్‌కీ పోయింది.

అప్పుడు బుర్రకెక్కిన విషయం ఇది. కారు ధర తగ్గుతుంది, దాని పార్టుల ధర తగ్గదు. నేను కొన్నది 11 లక్షల కారు కాదు, 30 లక్షల కారు. గేర్‌బాక్స్‌కి ఆ సంగతి బాగా గుర్తుంది, మర్చిపోయింది నేనే. ఎం340ఐ కూడా అంతే. 49కి కొన్నా, పార్టుల కౌంటర్ దగ్గర అది 63 లక్షల కారే. ముందు టైర్ల సైజు వేరు, వెనక వేరు, అటూ ఇటూ మార్చి అరుగుదల సర్దుదాం అంటే కుదరదు. నాలుగు చక్రాల డ్రైవ్ కాబట్టి అరిగిన టైర్లూ కొత్త టైర్లూ కలిపి నడిపితే ట్రాన్స్‌ఫర్ కేస్ మీద భారం పడుతుంది. అంటే మియాపూర్ గుంతలో ఒక టైరు ఉబ్బిందంటే, ఒక్కోసారి రెండూ కొనాల్సి వస్తుంది.

సరే, పేపర్ తీశాం.

జీటీఐ 53 లక్షలు అనుకుంటే, తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ ఒక్కటే పది లక్షలకి అటూ ఇటూ. ఇన్సూరెన్స్ కలిపితే రోడ్డు మీదకి వచ్చేసరికి 65. ఎం340ఐకి ఆ ట్యాక్స్ మొదటి ఓనర్ ఎప్పుడో కట్టేశాడు, 49 అంటే 49. అది తెలంగాణ రిజిస్ట్రేషన్ అయితేనే సుమా! ఢిల్లీ కారో బెంగళూరు కారో చవగ్గా వస్తుందని ఎగబడితే ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ మళ్ళీ రిజిస్టర్ చేయించాలి, కారు వయసుని బట్టి లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టాలి. ఆ చవక అక్కడే ఆవిరి.

అంటే తేడా 16 లక్షలు. "అన్నయ్యా, పదహారు లక్షలు మిగులుతుంటే గేర్‌బాక్స్ పోతే పోనీ, రెండు కొంటా" అన్నాడు. ఇక్కడే ఆపాను. ఆ పదహారు లక్షలు ఎక్కడున్నాయి రా? నీ దగ్గర ఉన్నది 25. కొత్తది కొంటే 40 అప్పు, పాతది కొంటే 24 అప్పు. మిగిలింది డబ్బు కాదు, తీసుకోని అప్పు. గేర్‌బాక్స్ పోయిన రోజున తీసుకోని అప్పుతో బిల్లు కట్టలేం.

తర్వాత ఈఎంఐ చూశాం. కొత్త కారుకి బ్యాంకు 9 శాతానికి ఏడేళ్ళు ఇస్తానంది. 40 లక్షలకి నెలకి 64 వేల పైచిలుకు. పాత కారుకి 12 శాతం, ఐదేళ్ళే. 24 లక్షలకి 53 వేల పైచిలుకు. అప్పులో పదహారు లక్షల తేడా ఉంటే, నెలకి తేడా 11 వేలు! మొత్తం మీద చూస్తే పాతదే చాలా తక్కువ, అది నిజం. ఏడేళ్ళలో కట్టేది 54 లక్షలు, ఐదేళ్ళలో కట్టేది 32. కానీ జీతం పడేది నెలకోసారి కదా.

ఇంకో లెక్క ఉంది, దీన్ని చాలా మంది చూడరు. ఐడీవీ. కారు పూర్తిగా పోతే ఇన్సూరెన్స్ వాళ్ళు ఇచ్చే మొత్తం. మామూలు తరుగుదల పట్టిక ప్రకారం నాలుగేళ్ళు దాటిన కారుకి 50 శాతం కోత. 62.90లో సగం అంటే 31 లక్షల చిల్లర. నువ్వు ఇచ్చింది 49. కొంచెం పెంచమని అడగొచ్చు, కొన్ని కంపెనీలు పెంచుతాయి. అయినా మధ్యలో ఉన్న ఆ పది పదిహేను లక్షలు నీ నెత్తి మీదే. కొత్త కారుకైతే రిటర్న్ టు ఇన్వాయిస్ అని యాడ్ ఆన్ తీసుకోవచ్చు.

ఇంత విన్నాక మీకు నేను జీటీఐ వైపు ఉన్నానని అనిపిస్తుంది. ఆగండి. దీన్ని తిరగేసి చూద్దాం.

ఆర్నెల్ల తర్వాత జాబ్ పోయింది అనుకోండి. మా ఫీల్డ్‌లో ఇది అనుకోవాల్సిన విషయమే. ఎం340ఐ అమ్మితే? మొదటి నాలుగేళ్ళ తరుగుదల ఇంకొకరు భరించేశారు. 45కి పోయినా బ్యాంకుకి కట్టాల్సింది కట్టి, చేతిలో ఇంకా ఇరవై లక్షలు ఉంటాయి. జీటీఐ అమ్మితే? లైఫ్ ట్యాక్స్ పది లక్షలు కొన్నవాడు తిరిగివ్వడు, అప్పు దాదాపు 40 అలాగే ఉంటుంది. కొత్త కారు నిన్ను మెకానిక్ నుంచి కాపాడుతుంది. పాత కారు నిన్ను లేఆఫ్ నుంచి కాపాడుతుంది. నీకు ఏ దెబ్బ వస్తే తట్టుకోలేవు? నేను వాడిని అడిగింది ఈ ఒక్క ప్రశ్నే. నాకైతే రెండూ ఒకే నెలలో వచ్చాయి, అది వేరే విషయం.

వాడు జవాబు చెప్పలేదు. "ముందు కారు చూద్దాం పద" అన్నాడు. ఆరు సిలిండర్ల మాయ అలాంటిది.

వెళ్ళాం. నలుపు రంగు, తళతళలాడుతోంది. నేను కారు కంటే ముందు కాగితాలు అడుగుతాను. ఆర్‌సీ తర్వాత ఇన్సూరెన్స్ పాలసీ. అందులో ఎన్‌సీబీ అని ఒక గడి ఉంటుంది, నో క్లెయిమ్ బోనస్. ఏటా క్లెయిమ్ లేకపోతే 20, 25, 35, 45, 50 శాతం అలా పెరుగుతూ పోతుంది. ఒకే ఓనర్, నాలుగేళ్ళ కారు, ఎన్‌సీబీ సున్నా. నాకు కారు హిస్టరీ మొత్తం ఆ ఒక్క గడిలో కనిపించింది. క్లెయిమ్ అయితే జరిగింది, ఎంత పెద్దదో తెలియాలి. మీరు కూడా గుర్తుపెట్టుకోండి. ఆ బోనస్ మనిషిది, కారుది కాదు, కాబట్టి రెండో ఓనర్ దగ్గర కొంటుంటే ఈ గడి మోసం చేయొచ్చు. అప్పుడు ఛాసిస్ నంబర్ తీసుకెళ్ళి కంపెనీ సర్వీస్ సెంటర్‌లో రికార్డు చూపించమని అడగాలి. ఓనర్‌ని పక్కన పెట్టుకుని వెళ్తే పని తొందరగా అవుతుంది.

తర్వాత పెయింట్ మందం కొలిచే మీటర్. మూడు నాలుగు వేలకి దొరుకుతుంది, లేదా తెలిసిన మెకానిక్ దగ్గర ఉంటుంది. డోర్లు, రూఫ్ అన్నీ 120, 130 మైక్రాన్లు చూపించాయి. బానెట్, కుడి ఫెండర్ మాత్రం 300 పైన. సీట్ బెల్టులు చివరిదాకా లాగి చూశాం. బెల్టు లోపలి భాగంలో బురద గీత ఉంటే అది నీళ్ళలో మునిగిన కారు. 2023 డిసెంబర్‌లో చెన్నైలో, 2024 సెప్టెంబర్‌లో విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో మనకి తెలుసు కదా, అవన్నీ తుక్కుకి వెళ్ళలేదు. ఇది మాత్రం మునిగిన కారు కాదు. సీట్ల కింద పట్టాలు శుభ్రంగా ఉన్నాయి, తుప్పు లేదు.

అమ్మేవాడిని నెమ్మదిగా అడిగాను. "చిన్న టచ్ అండి, ఓఆర్‌ఆర్ మీద" అన్నాడు. చిన్న టచ్‌కి బానెట్ మార్చరు. ఇంజన్ ట్యూన్ చేయించారా అంటే "అయ్యో లేదండి" అన్నాడు, కానీ ఎయిర్ ఇన్‌టేక్ క్లిప్పుల మీద స్క్రూడ్రైవర్ గీతలు ఉన్నాయి. ట్యూన్ చేసి, అమ్మే ముందు మళ్ళీ స్టాక్ సాఫ్ట్‌వేర్ ఎక్కించడం పెద్ద పని కాదు. సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే, కామిట్ హిస్టరీ చెరిపేసిన కోడ్. పనిచేస్తూ ఉంటుంది. ఎందుకు పనిచేస్తోందో ఎవరికీ తెలియదు.

45కి దిగాడు. మా వాడి కళ్ళల్లో ఆశ. "అన్నయ్యా, నాలుగు లక్షలు తగ్గించాడు కదా!" స్టార్ట్ చేసి చూశాం, ఆ శబ్దం విన్నాక నాకూ కాళ్ళు కదల్లేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఇద్దరం బయటికొచ్చి ఇరానీ హోటల్లో కూర్చున్నాం. అప్పుడు వాడే చెప్పాడు: మా మరదలు కూడా జాబ్ చేస్తుంది, ఇద్దరి జీతాల్లో ఒకటి ఆగినా ఈఎంఐ నడుస్తుంది. కానీ కారు పది రోజులు వర్క్‌షాప్‌లో ఉంటే ఆఫీసుకి వెళ్ళేది దాంట్లోనే, రెండో కారు లేదు. ఐదు లక్షల బిల్లు ఒకేసారి వస్తే తీసి ఇవ్వడానికి పక్కన డబ్బు లేదు. అడిగిన ప్రశ్నకి జవాబు అది.

అదే వాడికి రెండో కారు ఉండి, పక్కన ఏడెనిమిది లక్షలు ముట్టుకోకుండా ఉండి, ఒకే ఓనర్, ఇక్కడి రిజిస్ట్రేషన్, పూర్తి సర్వీస్ రికార్డు ఉన్న ఎం340ఐ దొరికితే? నేనే కీస్ లాక్కుని ఇంటికి తెచ్చేవాడిని. అలాంటి కారు కొన్నవాళ్ళకి రెండు మాటలు. ఆర్‌సీ మారిన 14 రోజుల్లో ఇన్సూరెన్స్ మీ పేరు మీదకి మార్పించుకోండి, లేకపోతే సొంత డ్యామేజ్ క్లెయిమ్ దగ్గర ఇరుక్కుంటారు. రెండోది, 2023కి ముందు కారు కాబట్టి పెట్రోల్ మూత లోపలి స్టిక్కర్ చదవండి, ఈ20 పెట్రోల్ గురించి కంపెనీ ఏం రాసిందో అదే ఫైనల్, వాట్సాప్‌లో వచ్చేది కాదు.

పవర్ గురించి నేను ఎక్కువ మాట్లాడలేదని కొందరికి కోపం రావచ్చు. ఓఆర్‌ఆర్ మీద లిమిట్ 120. జీటీఐ అయినా ఎం340ఐ అయినా అక్కడికి చేరడానికి పట్టే తేడా రెండు సెకన్లు కొంచెం అటూ ఇటూ. ఆ రెండు సెకన్లు చాలా బాగుంటాయి, కాదనను.

జీటీఐ తీసుకున్నాడు. ఏడు నెలలైంది. ఇప్పటిదాకా ఖర్చు ఒక టైరు, అదీ నిజాంపేట రోడ్డు గుంత పుణ్యం. మొన్న ఆదివారం శంషాబాద్ వైపు వెళ్తుంటే నలుపు ఎం340ఐ ఒకటి మమ్మల్ని దాటింది. ఆ కారేనా కాదా తెలియదు. వాడు అద్దం దించి ఆ శబ్దం తగ్గేదాకా విన్నాడు, మళ్ళీ అద్దం ఎక్కించి "ఏసీ పెంచనా అన్నయ్యా?" అన్నాడు.