మంచుదారిలో ఒక దుఆ

నాజీ శిబిరాల నుంచి ప్రాణాలతో బయటపడిన యూదులు రాసుకున్న జ్ఞాపకాలు చదువుతుంటే ఒకచోట మన పేరే మనకు ఎదురవుతుంది. ఇటలీకి చెందిన రసాయన శాస్త్రజ్ఞుడు ప్రీమో లేవీ 1947లో ప్రచురించిన గ్రంథంలో ఆ ప్రస్తావన ఉంది. ఆష్విట్జ్ శిబిరంలో ఆకలికి కృశించి, బతుకుపై ఆశ వదులుకున్న ఖైదీని తోటివారు ‘ముసల్మాన్’ అనేవారట. ఆ పేరు ఎందుకు వచ్చిందో తనకు తెలియదని లేవీయే రాశాడు. నిలబడలేక నేలకు వంగిన ఆ దేహాలు సజ్దాలో ఉన్నట్లు తోచడమే కారణమని కొందరి ఊహ. సజ్దా దాసుని ఔన్నత్యమని పిల్లలకు బోధించే మాబోటివారికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంటుంది. అయినా మేము పుస్తకం మూసివేయలేదు.

ఫలస్తీనీయుల గోడు వినని లోకంలో ఈ గాథలతో మనకేమి పని అనే ప్రశ్న మన ఇళ్లలో వినబడుతూనే ఉంటుంది. ఆ గోడు నిజం. కాని ఒక జాతి మీది కోపం మిమ్మల్ని న్యాయం తప్పేలా చేయరాదని మాయిదా సూరా 8వ ఆయత్ ఆజ్ఞాపిస్తోంది. హతులైన సుమారు 60 లక్షల మందిలో పసిపిల్లలు ఎందరో ఉన్నారు. వారు ఎవరి భూమినీ ఆక్రమించలేదు.

మమ్మల్ని ఎక్కువగా ఆపింది ఎలీ వీజెల్ రాసిన ‘రాత్రి’. 1958లో ఫ్రెంచిలో వెలువడింది. సిఘెట్ పట్టణంలో ధర్మగ్రంథాలే లోకంగా పెరిగిన బాలుడు 1944లో పదిహేనేళ్ల వయసున కుటుంబంతో సహా ఆష్విట్జ్ చేరాడు. తల్లి, చిట్టిచెల్లెలు అక్కడే హతులయ్యారు. తండ్రి ఒక్కడే వెంట మిగిలాడు. దైవన్యాయం మీద నమ్మకం చెదిరిపోయిందని ఆయన దాచకుండా రాశాడు. ఆ మాటపై తీర్పు చెప్పే తొందర మాకు కలుగలేదు. ఆ పరీక్ష మాకు ఎదురు కాలేదు.

1945 జనవరిలో ఖైదీలను మంచులో పరుగెత్తించారు. మజిలీలో రబ్బీ ఎలియాహు అనే వృద్ధుడు కొడుకును వెతుక్కుంటూ వచ్చాడు. మూడేళ్లుగా వారిద్దరూ విడిపోలేదు. చూడలేదని ఈ బాలుడు బదులిచ్చాడు. ఆయన వెళ్లాక గుర్తుకొచ్చింది: తండ్రి కుంటుతూ వెనుకబడటం ఆ కొడుకు చూశాడు, చూసి కూడా ముందుకే పరుగెత్తాడు. అప్పుడు, తాను నమ్మడం మానేసిన దైవాన్నే ఈ బాలుడు వేడుకున్నాడు, ఆ కొడుకు చేసిన పని తాను ఎన్నడూ చేయకుండా శక్తినివ్వమని.

వృద్ధులైన తల్లిదండ్రులను ‘ఉఫ్’ అని కూడా అనవద్దన్న ఆయత్‌ను మేము ఏటా చెబుతాము. అది బనీ ఇస్రాయీల్ సూరాలోనే ఉండటం గమనించదగినది. వెచ్చని గదిలో చెప్పడం సులువు.

ఆ దుఆ పూర్తిగా నెరవేరలేదు. బుకెన్‌వాల్డ్ శిబిరంలో రోగంతో పడి ఉన్న తండ్రికి తన సూపు ఇచ్చాడు, కాని మనసు ఒప్పక ఇచ్చానని తానే రాసుకున్నాడు. చివరి రాత్రి తండ్రి పేరు పెట్టి పిలిచాడు. దెబ్బల భయంతో కొడుకు కదలలేదు. జనవరి 29 తెల్లవారేసరికి ఆ పడకపై మరొక రోగి ఉన్నాడు. రెండున్నర నెలలకు శిబిరానికి విముక్తి లభించింది.

ఆ పిలుపును ఆయన ఏ పేజీలోనూ కప్పిపుచ్చలేదు. దైవంతో వాదిస్తూనే జీవితాంతం యూదుగానే ఉన్నాడు, ప్రార్థన విడువలేదు. 1972లో కొడుకు పుడితే తన తండ్రి పేరు పెట్టుకున్నాడు. ష్లోమో. మన ఇళ్లలో సులైమాన్ అంటాము.