పిన్నిగారితో యూరప్‌లో భోజనాలు

వేసవి సెలవులు దగ్గరపడగానే మన సభ్యులు ఒకరినొకరు అడిగే ప్రశ్న ఒకటుంది: "ఖండం మీదికి వెళ్తున్నాం, తిండి మాటేమిటి?" ఏమేమి చూడాలో చెప్పే పుస్తకాలు ఎన్నయినా దొరుకుతాయి. ఎక్కడ తినాలో, అందులోనూ మాంసం ముట్టనివారు ఎక్కడ తినాలో చెప్పేవారు తక్కువ. అందుకని మా అనుభవం నాలుగు ముక్కలు రాస్తున్నాము.

2019 జూన్‌లో కాకినాడ నుంచి వచ్చిన మా పిన్నిగారిని వెంటబెట్టుకుని లండన్‌లో రైలెక్కాము. పారిస్, బ్రస్సెల్స్, హేగ్, జూరిక్, జెనోవా చూసుకుని నీస్ నుంచి విమానంలో తిరిగివచ్చాము. పిన్నిగారికి అప్పటికి అరవై ఎనిమిదేళ్ళు. హైస్కూల్లో హిందీ టీచరుగా చేసి రిటైరయ్యారు. ఉల్లి, వెల్లుల్లి తింటారు గాని గుడ్డు కూడా ముట్టరు. ఆవకాయ, అల్లం పచ్చడి, చేగోడీలు, ఒక సీసా నెయ్యి సంచిలో పెట్టుకున్నాము. (2021 జనవరి నుంచి బ్రిటన్‌లో బయలుదేరేవారు పాలపదార్థాలు అటు తీసుకుపోకూడదు. నెయ్యి ఇంట్లోనే వదలాలి. పచ్చళ్ళకు పేచీ లేదు.)

పారిస్ సంగతి త్వరగా చెప్పేస్తాము. గార్ ద్యు నోర్ స్టేషన్ వెనక లా షాపెల్ అనే పేటలో శ్రీలంక తమిళుల కొట్లు బారులు తీరి ఉంటాయి. ఇడ్లీ, దోసె, సాంబారు అన్నీ దొరుకుతాయి. ఊరి మధ్యలో తిరిగేటప్పుడే ఇబ్బంది. అక్కడ చాలా హోటళ్ళలో మధ్యాహ్న భోజనం పన్నెండు నుంచి రెండింటిదాకానే. మేము లూవ్ర్ మ్యూజియం చూసి రెండున్నరకు బయటపడేసరికి వంటిల్లు మూసేశారు. మళ్ళీ ఏడింటికిగాని తెరవరట. ఆ పూట చేగోడీలే దిక్కయ్యాయి. ఇంకొకటి: మంచినీళ్ళు కావాలంటే "కరాఫ్ దో" అనండి, కుళాయినీళ్ళు ఉచితంగా ఇస్తారు. ఉత్త నీళ్ళు అన్నారో, సీసా తెచ్చి బిల్లులో వేస్తారు.

బ్రస్సెల్స్‌లో జరిగినదే అసలు సంగతి.

బెల్జియంవారికి బంగాళాదుంప వేపుడంటే ప్రాణం. వీధిమూలల్లో చిన్న గుడిసెలవంటి కొట్లలో పొడుగ్గా కోసిన ముక్కలను రెండుసార్లు వేయిస్తారు. మొదట సన్నని సెగమీద ఉడికేలా వేయించి, తీసి ఆరబెట్టి, అడిగినప్పుడు బాగా కాగిన దాంట్లో మళ్ళీ వేస్తారు. పైన కరకర, లోపల మెత్తన. కాగితపు పొట్లంలో వేడివేడిగా ఇస్తే పిన్నిగారు సంతోషంగా తిన్నారు. "మన దుంప వేపుడికంటే బాగుందర్రా" అని రెండో పొట్లం కూడా అడిగారు.

మర్నాడు పొద్దున ఆవిడ గదిలో పూజ చేసుకుంటుండగా మేమిద్దరం ఊరు చూస్తూ మళ్ళీ ఆ కొట్టుమీదుగా పోయాము. ఇంత రుచి ఎలా వస్తుందని ఊరికే అడిగాము. ఆయన ఛాతీ విరుచుకుని, అసలైన పద్ధతిలో ఎద్దు కొవ్వులో వేయిస్తామన్నాడు. గోడమీద రాసి కూడా ఉంది. ఫ్రెంచిలో, డచ్చిలో. మాకు చదవడం రాలేదు, అంతే. అతని తప్పేమీ లేదు. ఇంగ్లండులో యార్క్‌షైర్ వైపు చాలా చిప్స్ కొట్లలో ఇదే పద్ధతి ఉందని తెలిసి కూడా మాకు ఆ అనుమానం రాలేదు.

యూరోపియన్ యూనియన్‌లో 2014 డిసెంబరు నుంచి ఒక నిబంధన అమలులో ఉంది. ఒంటికి పడనివారికోసం పాలు, గుడ్డు, చేప, గోధుమ, వేరుశెనగ వగైరా పధ్నాలుగు రకాలు వంటకంలో ఉంటే చెప్పి తీరాలి. ఆ జాబితా చూసి మేము ధైర్యంగా ఉన్నాము. అది జబ్బులకోసం రాసిన జాబితా, ఆచారాలకోసం కాదు. అందులో మాంసం లేదు, కొవ్వు లేదు. దుంపముక్కల పక్కన ఏ గుర్తూ లేకపోతే శాకాహారమని అర్థం కాదు.

పిన్నిగారికి చెప్పాలా వద్దా? గదికి తిరిగి వెళ్ళేదాకా వాదించుకున్నాము. తెలియక తిన్నదానికి దోషం లేదని ఒకరం, చెప్పకపోతే మోసమని ఒకరం. చివరికి చెప్పలేదు. ఆ సాయంత్రం ఆవిడే "ఆ దుంపల కొట్టుకి వెళ్దామా?" అన్నారు. రైలుకు వేళవుతోందని అబద్ధమాడాము.

హేగ్ నగరంలో సురినామ్ హిందుస్తానీల రొట్టెల కొట్లు ఉన్నాయి, తప్పక వెళ్ళండి. 1873 నుంచి 1916 దాకా కలకత్తా రేవులో ఓడలెక్కించి, దక్షిణ అమెరికాలోని డచ్చివారి సురినామ్ తోటలకు ముప్పై వేలకు పైగా కూలీలను తీసుకుపోయారు. ఎక్కువమంది బీహారు, అవధ్ ప్రాంతాలవాళ్ళు. 1975లో సురినామ్ స్వతంత్రమయ్యే వేళకు వారి సంతతి చాలామంది హాలండ్ చేరారు. వారి రొట్టెలో పొడిచేసిన పప్పు కూరి ఉంటుంది, మన బొబ్బట్టులాగే, తీపి మాత్రం లేదు. పక్కన దుంపల కూర, పొడుగు అలసందకాయల కూర, మండిపోయే మిరపకాయ పచ్చడి. గుడ్డు పెడతారు, వద్దని ముందే చెప్పాలి.

కొట్టావిడ మాట్లాడే భాష భోజ్‌పురికి దగ్గరిది. పిన్నిగారు తన హిందీ తీశారు. అయిదు నిమిషాల్లో ఇద్దరూ అక్కాచెల్లెళ్ళయిపోయారు. ఏ కూర ఏ గిన్నెలో వండారో, కోడికూర గరిటె ఇందులో పెట్టారో లేదో, అన్నీ ఆవిడే విడమరిచి చెప్పింది. మాటల్లో బ్రస్సెల్స్ వచ్చింది, దుంపలు వచ్చాయి. "అయ్యో దీదీ, ఏ కొవ్వులో వేశారో అడిగారా?" అంది.

పిన్నిగారు మా మొహాలు చూశారు. "ఏమర్రా, మీకిది ముందే తెలుసా?"

తెలుసన్నాము.

ఆవిడ రొట్టె పక్కకు పెట్టేశారు. ఏమీ అనలేదు. గదికి వచ్చి తలమీద నీళ్ళు పోసుకున్నారు. రాత్రి మజ్జిగ మాత్రం తాగి, పడుకునేముందు అన్నారు: "తినడం నా ఖర్మ. తెలియక తిన్నాను, ఆ దేవుడే చూసుకుంటాడు. రెండురోజులు నన్ను పసిపిల్లను చేశారే, అదే నాకు బాధ." మా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

మర్నాడు రైల్లో ఆవిడ ఒక నోటుపుస్తకం తీసి మాచేత మాటలు చెప్పించి తెలుగు లిపిలో రాసుకున్నారు. అక్కణ్ణించి హోటల్లో అడగడం మా పని కాదు, ఆవిడదే.

జూరిక్‌లో అడగనవసరం లేని చోటు ఒకటుంది. హిల్ట్ల్ అనే శాకాహార హోటలు 1898లో మొదలైంది. మూతపడకుండా నడుస్తున్న శాకాహార హోటళ్ళలో ప్రపంచంలోకెల్లా పాతదని గిన్నిస్ పుస్తకం గుర్తించింది. 1950లలో ఆ ఇంటి కోడలు మార్గ్రిత్ హిల్ట్ల్ ఢిల్లీ వెళ్ళివచ్చి మన కూరలు మొదలుపెట్టిందట. అక్కడ మనమే వడ్డించుకోవచ్చు, తూకం వేసి డబ్బు తీసుకుంటారు. పప్పు, పెరుగు బరువెక్కువ, జాగ్రత్త! మేము మొదటిరోజు పెరుగన్నం కలుపుకుని బిల్లు చూసి కంగారుపడ్డాము. ఆ ఊళ్ళో వీధి ఫౌంటెన్ల నీళ్ళు తాగొచ్చు, సీసా దగ్గరుంచుకుంటే చాలు.

ఇటలీలో సులువనుకుంటాముగాని అక్కడా లోతుంది. పార్మెజాన్ జున్ను దూడ కడుపులోంచి తీసిన పదార్థంతోనే పాలు విరిచి చెయ్యాలని వాళ్ళ నిబంధన. కాబట్టి జెనోవాలో పేరుపడ్డ తులసి పచ్చడి, పెస్తో, పిన్నిగారికి పనికిరాలేదు. రిసొత్తో అన్నాన్ని తరచు మాంసపు రసంలో ఉడికిస్తారు. "మాంసం లేదు" అన్నవాడు పైన పందిమాంసం తరుగు చల్లి తేవచ్చు, అది వాడి లెక్కలో మాంసం కాదు. మరినారా పిజ్జాలో మాత్రం టమాటా, వెల్లుల్లి, నూనె, ఓరెగానో ఆకు, అంతే, జున్ను ఉండదు. కుర్చీలో కూర్చున్నందుకు "కోపెర్తో" అని మనిషికింత బిల్లులో వేస్తారు, పోట్లాడకండి.

జెనోవాలో ఫరినాతా, నీస్‌లో సొక్కా. పేర్లు రెండు, వస్తువొకటే: శెనగపిండి, నీళ్ళు, ఉప్పు, ఆలివ్ నూనె జారుగా కలిపి పెద్ద రాగి పళ్ళెంలో పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. నీస్ పాతబస్తీలో వరసలో నిలబడ్డాము. మా వంతు రాగానే పిన్నిగారు పుస్తకం తెరిచి, కూడబలుక్కుని, "సాన్ గ్రెస్ ద బెఫ్?" అని అడిగారు. కొట్టతను నవ్వి నూనె డబ్బా ఎత్తి చూపించాడు. మిరియాలపొడి చల్లిన ముక్కలు కాగితంలో పెట్టి ఇచ్చాడు. ఆవిడ బల్లమీద కూర్చుని అల్లం పచ్చడి సీసా మూత తీశారు. సగం తిన్నాక కాగితం మావైపు జరిపి, "అడిగాను, తినండర్రా" అన్నారు.