ఎంఓఎఫ్

మెటల్ ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్క్. 2025 రసాయన నోబెల్ కితగావా, రాబ్సన్, యాఘీలకు దక్కింది దీనికే. లోహ అయాన్లకు కర్బన అణువులను జోడించి అల్లిన స్ఫటికం ఇది. లోపలంతా సూక్ష్మ రంధ్రాలే. కొన్ని రకాల్లో గ్రాము పొడిలోని గోడలన్నీ పరిస్తే ఫుట్‌బాల్ మైదానమంత!

బొగ్గు విద్యుత్ కేంద్రం పొగలో కార్బన్ డయాక్సైడ్ 12-15 శాతం ఉంటుంది. ఆ గోడలు దాన్ని పట్టుకుంటాయి, వేడిచేస్తే వదిలేస్తాయి. పొడిని మళ్లీ వాడుకోవచ్చు. చిక్కల్లా పొగలోని తేమతోనే. చాలా రకాలు నీటి ఆవిరికి దెబ్బతింటాయి. జింకుతో చేసిన కాల్ఫ్-20 రకం తట్టుకుంది. దాన్ని కెనడాలో సిమెంటు కర్మాగారం పొగపై పరీక్షించారు.

ఈ అల్లికకు మాంగనీసూ పనికొస్తుంది. ఉత్తరాంధ్రలోని గరివిడి, చీపురుపల్లి గనుల మాంగనీసు ఖనిజం ఇన్నాళ్లూ ఫెర్రో అల్లాయ్స్ వంటి కొలిములకు వెళ్లింది. పట్టాల్సిన పొగా ఇక్కడే ఉంది: పరవాడలో 2,000 మెగావాట్ల సింహాద్రి బొగ్గు విద్యుత్ కేంద్రం ఉంది. ఉత్తరాంధ్ర ల్యాబులు ఈ పరిశోధనకు పూనుకోవాలి.