అమెరికా స్వాతంత్ర్య సమరంలో రైతు

అమెరికా స్వాతంత్ర్య సమరం అనగానే మనకు గుర్తొచ్చేవి మూడే మూడు. బోస్టన్ రేవులో తేయాకు పెట్టెలు నీళ్ళపాలు చేయడం, జెఫర్సన్ రాసిన ప్రకటన, గుర్రమెక్కిన వాషింగ్టన్. పరీక్షకు ఇవి చాలు. కాని ఆనాటి పదమూడు వలస రాష్ట్రాల్లో నూటికి ఎక్కువమంది నేలను నమ్ముకుని బతికినవాళ్ళు. నేను చదివేది సైన్సు, పుట్టింది సేద్యగాళ్ళ ఇంట. అందుచేత ఈ చరిత్ర చదివినప్పుడు నాకు వచ్చిన ప్రశ్నలు వేరు. 1775 నుంచి 1783 దాకా ఎనిమిదేళ్ళు యుద్ధం నడిచిందే, మరి విత్తనాలు ఎవరు చల్లారు? కోతలు ఎవరు కోశారు? ఆఖరికి ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడింది? పదమూడు రాష్ట్రాల కథా చెప్పడం నా వల్ల కాదు గనుక, ముఖ్యంగా మసాచుసెట్స్ రైతుల సంగతే చెబుతాను.

1773 డిసెంబరు 16 రాత్రి బోస్టన్‌లో పారబోసిన తేయాకు ఈస్టిండియా కంపెనీది. అప్పటికే మన ఉత్తర సర్కారు జిల్లాల్లో శిస్తు వసూలు చేస్తున్న కంపెనీ అదే! దానికి ప్రతీకారంగా బ్రిటిష్ పార్లమెంటు 1774లో బోస్టన్ రేవును మూయించింది. అంతటితో ఊరుకోక మరో చట్టం కూడా చేసింది. దాని ప్రకారం రాష్ట్ర మండలి సభ్యులను ఇకమీదట ప్రజల ప్రతినిధులు ఎన్నుకోరు, రాజే నియమిస్తాడు. జూరీలను షెరీఫు ఏరుతాడు. ఊరి సభ ఏడాదికి ఒక్కసారే జరగాలి, మరోసారి జరపాలంటే గవర్నరు అనుమతి కావాలి.

పన్నుల పేచీ చాలావరకు పట్నం వర్తకులది. ఈ చట్టం మాత్రం నేరుగా పల్లె మీద పడ్డది. రైతు అప్పు కేసులు నడిచేది జిల్లా కోర్టులో. అక్కడి జడ్జీ, జూరీ ఇద్దరూ సర్కారు మనుషులే అయితే పొలం నిలుస్తుందన్న నమ్మకం ఏముంటుంది? 1774 సెప్టెంబరు 6న వూస్టర్ పట్టణంలో కోర్టు తెరవవలసిన రోజున 37 ఊళ్ళ నుంచి 4,622 మంది వచ్చి వీధికి రెండువైపులా బారులు తీరారు. కోర్టు అధికారులు తలమీది టోపీలు తీసి చేత పట్టుకుని ఆ బారుల మధ్యనుంచి నడుస్తూ, కొత్త చట్టం కింద పనిచేయబోమని ఆగి ఆగి చదివారు. చివర నిలబడ్డవాళ్ళకు కూడా వినపడాలి కదా, అందుకని మళ్ళీ మళ్ళీ చదివించారు. ఒక్క తుపాకీ పేలలేదు, ఒక్క ప్రాణం పోలేదు. లెక్సింగ్టన్‌లో మొదటి తుపాకులు పేలింది 1775 ఏప్రిల్ 19న. అంటే వూస్టర్ జిల్లాలో రాజుగారి అధికారం అంతకు ఏడు నెలల ముందే ముగిసిపోయిందన్నమాట. ఆ ఊళ్ళో రైతులను కూడగట్టినవాళ్ళలో ముఖ్యుడు టిమొతీ బిగెలో. వృత్తికి కమ్మరి. ఈ పేరు గుర్తుంచుకోండి.

యుద్ధం మొదలయ్యాక తొలి వేసవి ఉత్సాహం చెప్పనక్కరలేదు. వేలమంది పనులు వదిలి బోస్టన్ చుట్టూ మోహరించారు. కాని గడువు తీరగానే ఇంటిదారి పట్టేవాళ్ళు. వీళ్ళను నమ్ముకోలేమని సేనానులు ఉత్తరాల్లో వాపోయారు. నాకైతే ఇందులో పిరికితనం కనపడదు. అది మంచు దేశం. ఎండాకాలంలో గడ్డి కోసి కుప్ప వేయకపోతే చలికాలంలో పశువు చస్తుంది, పశువు పోతే మరుసటి ఏడు సేద్యమే లేదు.

అందుకని 1777 నుంచి ఏళ్ళ తరబడి కొలువు చేసే సైన్యాన్ని పోగుచేయసాగారు. కనెక్టికట్‌లో ఊరి మగవాళ్ళను జట్లుగా విడదీసి జట్టుకో మనిషిని పంపమన్నారు. కలిగినవాళ్ళు చందాలు వేసుకుని ఓ లేనివాణ్ణి పంపేవారు. అట్లా వెళ్ళినవాడే జోసెఫ్ ప్లంబ్ మార్టిన్. తాతగారి పొలంలో పెరిగిన కుర్రాడు, 1776లో మొదటిసారి చేరేనాటికి పదిహేనేళ్ళు. ముసలితనంలో తన అనుభవాలు రాసి 1830లో అచ్చువేయించాడు. సామాన్య సిపాయి స్వయంగా రాసిన పుస్తకాలు బహు తక్కువ గనుక దానికంత విలువ. అందులో ఓ సంగతి చూడండి. 1777 డిసెంబరులో దేవుడికి కృతజ్ఞతగా పండుగ చేసుకోమని కాంగ్రెసు ఆజ్ఞాపించింది. పస్తులున్న సైన్యానికి ఆ రోజు పంచిన విందు తలా పిడికెడు బియ్యం, ఓ చెంచాడు వినిగర్! ఆపైన వ్యాలీ ఫోర్జ్‌లో గడిపిన చలికాలంలో ఒక్క పోరాటమైనా లేకుండానే సుమారు రెండువేల మంది జబ్బులతో పోయారు.

జబ్బుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఇది నా సబ్జెక్టుకు దగ్గర. ఈ యుద్ధంలో తుపాకీ దెబ్బకు పోయినవాళ్ళకంటే రోగాలతో పోయినవాళ్ళు ఎక్కువ. అందులో పెద్దది మశూచి. ఇంగ్లాండు నుంచి వచ్చిన సిపాయిల్లో చాలామందికి చిన్నప్పుడే అమ్మవారు పోసి తగ్గి ఉండేది, వాళ్ళకు మళ్ళీ రాదు. దూరాల పల్లెల్లో పెరిగిన అమెరికా రైతుబిడ్డకు ఆ రక్షణ లేదు. 1776లో కెనడా మీదికి వెళ్ళిన సైన్యాన్ని మశూచి చిందరవందర చేసింది. జెన్నర్ టీకా ఇంకా రాలేదు, అది 1796 నాటి మాట. అప్పటికి ఉన్న ఉపాయం, రోగి పొక్కులోని చీము తీసి ఆరోగ్యవంతుడి చర్మం మీద గాటు పెట్టి అందులో అంటించడం. తేలికపాటి మశూచి వచ్చి చాలామందికి తగ్గిపోతుంది, కొందరు మాత్రం చనిపోతారు. ఈ పద్ధతిని బోస్టన్‌కు తెలిపినవాడు ఒనేసిమస్ అనే ఆఫ్రికా బానిస. 1721లో అక్కడ మొదటిసారి ప్రయోగించారు. పంతొమ్మిదేళ్ళ వయసులో మశూచి తగిలి బతికిన వాషింగ్టన్ 1777 ఫిబ్రవరిలో సైన్యమంతటికీ గాట్లు పెట్టించమని ఆజ్ఞ ఇచ్చాడు. శత్రువుకు తెలియకుండా విడతలు విడతలుగా చేయించారు. గెలిచిన యుద్ధాలన్నింటికంటే ఈ నిర్ణయమే గొప్పదని నా అభిప్రాయం.

ఇక డబ్బు. పన్ను వేసే అధికారం కాంగ్రెసుకు లేదు. అందుచేత 1775 నుంచి నోట్లు అచ్చు వేసింది. 1779 ఆఖరుకు అవి 24 కోట్ల డాలర్లు దాటాయి. 1780లో నలభై కాగితం డాలర్లు ఒక వెండి డాలరుకు సమానమని కాంగ్రెసే ఒప్పుకుంది. సిపాయి జీతం నెలకు ఆరు డాలర్ల అరవైయేడు సెంట్లు. నలభైతో భాగించండి, వెండి లెక్కన డాలరులో ఆరో వంతు! అదైనా చేతికొస్తే కదా. మార్టిన్ 1777 ఆగస్టు జీతం అందుకున్న తర్వాత, మళ్ళీ జీతం మొహం చూసింది 1781లో. అదీ ఒక్క నెలది, ఫ్రెంచివాళ్ళ దగ్గర అప్పు చేసిన వెండి.

ఇంటి దగ్గర ఆడవాళ్ళే అరక పట్టారు, అప్పులవాళ్ళకు సమాధానం చెప్పారు. ఉప్పు కరువు, ధరల మంట. 1777 జులైలో బోస్టన్‌లో ఓ వర్తకుడు కాఫీ గింజలు దాచిపెట్టి ఎక్కువ ధర చెప్పాడట. సుమారు వందమంది ఆడవాళ్ళు వెళ్ళి ఆయన మెడపట్టి బండిలోకి నెట్టి, తాళం చెవులు లాక్కుని గింజలు తోలుకుపోయారు. మగవాళ్ళు చుట్టూ నిలబడి చూశారు. ఎబిగేల్ ఆడమ్స్ భర్తకు రాసిన ఉత్తరంలో ఈ ముచ్చట ఉంది.

అందరూ ఒకవైపే ఉన్నారనుకోకండి. రాజు పక్షాన నిలిచినవాళ్ళు ఊరూరా ఉన్నారు. యుద్ధం ముగిశాక సుమారు 60,000 మంది ఇల్లూ పొలం వదిలి కెనడాకు, ఇతర దేశాలకు వెళ్ళిపోయారు. ఇంకో మాట చెప్పకుండా దాటిపోతే అన్యాయం. 1779లో సలివన్ నాయకత్వాన వెళ్ళిన అమెరికా సైన్యం ఇరోక్వా తెగల ఊళ్ళు నలభై దాకా తగలబెట్టి, 1,60,000 బుషెళ్ళ మొక్కజొన్న నాశనం చేసింది. పండిన పైరుకు నిప్పు పెట్టినవాళ్ళలో చాలామంది స్వయానా రైతుబిడ్డలే.

1781 అక్టోబరు 19న యార్క్‌టౌన్‌లో కారన్‌వాలీసు సైన్యం లొంగిపోయింది. ఈయన మనకు తెలిసినవాడే. 1786లో గవర్నర్ జనరల్‌గా వచ్చి, 1793లో బెంగాలులో శాశ్వత జమీందారీ పద్ధతి పెట్టిన దొర. 1802 నుంచి దాన్ని మన సర్కారు జిల్లాలకూ తెచ్చారు. అమెరికా రైతుకు తప్పిన దొర తెలుగు రైతుకు తగిలాడు.

అక్కడి రైతుకు మాత్రం ఏం సుఖం? సిపాయిలను 1783లో జీతానికి బదులు కాగితాలిచ్చి పంపేశారు. మార్టిన్ వాటిలో కొన్ని అమ్మి ఒంటికి గుడ్డలు కొనుక్కున్నాడు. అక్కరలో ఉన్న రైతులు రూపాయికి అణాల చొప్పున అమ్ముకుంటే కొన్నవాళ్ళు పట్నాల ధనికులు. అటుపైన మసాచుసెట్స్ ప్రభుత్వం తన యుద్ధ రుణానికి వడ్డీ కట్టడానికని భారీగా పన్నులు వేసింది, నాణెంలో కట్టమన్నది. పల్లెలో నాణెం ఎక్కడిది? ధాన్యమిచ్చి ఉప్పు తెచ్చుకునే చోటు, బాకీ కింద పొరుగువాడి కళ్ళంలో రెండు రోజులు పనిచేసే చోటు. లండన్ వర్తకుడు బోస్టన్ వర్తకుణ్ణి నాణెం అడిగాడు, బోస్టన్‌వాడు పల్లె కొట్టువాణ్ణి అడిగాడు, కొట్టువాడు రైతు మీద దావా వేశాడు. తన కాగితాన్ని కారుచౌకగా కొన్నవాడికి వడ్డీ కట్టడానికి ఆ రైతే పన్ను కట్టాలి! ఇంత చిత్రమైన లెక్క నేను మరెక్కడా చూడలేదు.

గ్రామసభలు అర్జీలు పంపాయి. ఫలితం లేదు. 1786 సెప్టెంబరు 5న వూస్టర్ కోర్టు మెట్ల మీద మళ్ళీ రైతులు నిలబడ్డారు, ఈసారి బాయినెట్లతో. టోపీల్లో పచ్చని కొమ్మలు గుచ్చుకున్నారు, యుద్ధకాలపు గుర్తుగా. అడ్డుపడ్డది ఎవరికనుకున్నారు? ప్రధాన న్యాయాధిపతి ఆర్టిమస్ వార్డ్‌కు. 1775లో బోస్టన్ ముట్టడిలో ఈ రైతులను నడిపిన సేనాని ఆయనే. ఊరి మిలిషియాను పిలిస్తే వాళ్ళు రైతుల మీదికి రామన్నారు. పన్నెండేళ్ళ కిందట దేశభక్తి అనిపించుకున్న పనే ఇప్పుడు రాజద్రోహమైంది. ఒకనాటి విప్లవ నాయకుడు సామ్యుయెల్ ఆడమ్స్, రాజు మీద తిరగబడితే క్షమించవచ్చు గాని ప్రజాప్రభుత్వం మీద తిరగబడితే మరణమే తగిన శిక్షన్నాడు. ఆ వాదనలో బలం లేకపోలేదు. ఓటు ఉన్నప్పుడు తుపాకీ ఎందుకన్నది మంచి ప్రశ్నే. కాని ఓటుకూ ఆస్తి ఉండాలన్న రోజులవి, ఆస్తేమో వేలంలో పోతున్నది.

ఈ తిరుగుబాటుకు డేనియల్ షేస్ పేరు మిగిలింది. బంకర్ హిల్‌లో, సరటోగాలో పోరాడి కెప్టెను అయిన రైతు. లఫయెట్ బహూకరించిన కత్తిని కూడా పేదరికం వల్ల అమ్ముకున్నవాడు. ప్రభుత్వ ఖజానాలో డబ్బు లేకపోతే బోస్టన్ వర్తకులు చందాలు వేసుకుని సైన్యాన్ని కూర్చారు. ఆ సైన్యం చేరుకోక ముందే, 1787 జనవరి 25న స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం దగ్గర కాపలా ఉన్న మిలిషియా పేల్చిన ఫిరంగికి నలుగురు రైతులు చనిపోయారు. ఆపైన వర్తకుల సైన్యం వచ్చి మిగిలినవాళ్ళను మంచు తుఫానులో చెదరగొట్టింది. ఇద్దరిని ఉరితీశారు, షేస్‌ను తర్వాత క్షమించారు. ఆ ఏడు మే నెలలోనే ఫిలడెల్ఫియాలో పెద్దలు కొత్త రాజ్యాంగం రాయడానికి కూర్చున్నారు. ఇలాంటి అల్లర్లను అణచగల బలమైన కేంద్రం కావాలన్న తొందర అక్కడ చాలామందిలో కనిపిస్తుంది.

1790 ఫిబ్రవరిలో సిపాయి కాగితాల ప్రశ్న కొత్త కాంగ్రెసు ముందుకు వచ్చింది. పూర్తి విలువ ఇప్పుడు కాగితం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకే ఇవ్వాలని హామిల్టన్ పథకం. తెగనమ్ముకున్న అసలు సిపాయికి కూడా కొంత వాటా దక్కాలని మాడిసన్ అడిగాడు. ఆయన వైపు 13 ఓట్లు, వ్యతిరేకంగా 36. కమ్మరి టిమొతీ బిగెలో యుద్ధంలో కర్నలు దాకా ఎదిగి, తిరిగివచ్చేసరికి కొలిమి చల్లారి, అప్పులు పెరిగి ఉన్నాయి. అదే 1790లో, బాకీ తీర్చలేదని పెట్టిన వూస్టర్ జైలులో ఆయన చనిపోయాడు.